పది చుట్లకు ఇరవై

వీధిలో ఏ మోటారు చెడిపోయినా చివరికి మోటారు మేస్త్రీ బల్లమీదికే చేరేది. ఫ్యానైనా, నీళ్ళ పంపైనా, కుట్టుమిషనుకు తగిలించే చిన్న మోటారైనా సరే. అతను ఏ బడిలోనూ ఈ పని నేర్చుకోలేదు, ఏ గురువు ముందూ చేతులు కట్టుకుని నిలబడలేదు. పాత సామాన్ల కొట్టు వెనక పడేసిన మోటార్లు తెచ్చుకుని, కాలిన తీగ ఒక్కొక్క చుట్టే విప్పుతూ గోడమీద బొగ్గుతో గీతలు పెట్టుకుని, మళ్ళీ అన్నే చుట్లు చుట్టి నేర్చుకున్నాడు. "చుట్టు లెక్క తప్పితే మోటారు మనిషిలా మొహమాటపడదు, కాలిపోతుంది" అనేవాడు. అంతకు మించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

మాటలన్నీ బావకు వదిలేశాడు. బావంటే అక్క మొగుడు, ఇనప కప్పులూ షెడ్లూ వేసే వెల్డింగు కాంట్రాక్టరు. ఆయనకు సగం పని నాలుక మీదే అయిపోయేది, చేతిదాకా వచ్చేది మిగతా సగమే. అలాగని చెడ్డవాడేం కాదు. మేస్త్రీకి ఆరేళ్ళప్పుడు తల్లి పోతే అక్కే చంకనేసుకుని పెంచింది. పెళ్ళయ్యాక తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకునే అత్తారింటికి వెళ్ళింది. ఇంకో మొగుడైతే ఏమనేవాడో గాని, బావ మాత్రం "కంచం ఇంకోటి పెట్టవే, దానికేముంది" అన్నాడు. కుర్రాడు పెద్దయ్యాక తన షెడ్డులోనే ఒక మూల తెర కట్టించి "ఇక్కడ చుట్టుకోరా నీ తీగలు" అన్నాడు. మేస్త్రీ బతుకంతా ఆ తెర వెనక నుంచే మొదలైంది. తరవాత సొంత కొట్టు పెట్టుకున్నా ఆ సంగతి అతను ఎన్నడూ మరిచిపోలేదు. మరిచిపోకుండా బావ కూడా చూసుకునేవాడు.

గాలి యంత్రం మూడేళ్ళ క్రితం వచ్చింది. ఎవరో ఇంటిమీద పెట్టుకునే వెదర్ స్టేషన్ విసిగిపోయి పారేస్తే, పాత సామాన్లవాడు తెచ్చి అతని బల్లమీద పెట్టాడు. మూడు ప్లాస్టిక్ గిన్నెలు, గాలి ఎటు వీస్తోందో చూపే తోక, వాన కొలిచే గరాటు, ఇంట్లో పెట్టుకునే చిన్న తెర. వారం రోజులు దాని వెంటపడి బాగుచేశాడు. నీళ్ళ ట్యాంకుకు దూరంగా, డాబా మీద పొడుగాటి గొట్టం పాతి దాన్ని బిగించాడు. ఆరోజు నుంచి పొద్దునా సాయంత్రం గాలీ వానా నోటుపుస్తకంలో రాసేవాడు. కొట్టు తలుపుకు నల్లబల్ల తగిలించి దానిమీద కూడా రాసేవాడు. గోడలకు రంగులేసేవాళ్ళూ బట్టలుతికేవాళ్ళూ ఆ బల్ల చూసుకుని పనికి వెళ్ళేవాళ్ళు. వెళ్తూ వెళ్తూ "గాలి మేస్త్రీ" అని ఒక నవ్వు నవ్వి పోయేవాళ్ళు.

"మోటార్లు చుట్టి అన్నం తింటున్నాం. ఆ గిలక్కాయ తిరిగితే ఏమొస్తుంది?" అనేది అతని భార్య.

"ఏమీ రాదు. లెక్క తెలుస్తుంది."

"తెలిసి?"

"తెలిసి ఊరుకుంటాను."

ఇదిలా ఉండగా, ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి కూరగాయల మార్కెట్టు కప్పు కూలింది. ఏడాది కూడా కాని కప్పు, బావ వేసిందే. వాన మొదలవగానే జనం పక్క కొట్లలోకి పరుగెత్తారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. బుట్ట వదిలి రాలేని ఆకుకూరలమ్మ మాత్రం దూలం కింద పడింది. కుడి మోచెయ్యి నుజ్జయింది.

కప్పు పని ఒప్పుకున్నప్పుడు బావ సంతకం పెట్టిన కాగితంలో ఒక వాక్యం ఉంది. గంటకు అరవై కిలోమీటర్ల గాలిదాకా కప్పు నిలబడాలి. అంతకు మించిన గాలికి పడితే కాంట్రాక్టరు పూచీ లేదు. మార్కెట్టుకు దగ్గర్లో గాలి కొలిచేది మేస్త్రీ యంత్రం ఒక్కటే. ఆ సాయంత్రం అతను నల్లబల్ల మీద రాసిన అంకె అరవై రెండు.

బావ వచ్చి బల్ల ముందు నిలబడి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఫోనులో ఫొటో తీసుకున్నాడు. తరవాత బామ్మర్దిని కౌగిలించుకున్నాడు.

"ఒరే, నీ గాలి పిచ్చి నన్ను కాపాడిందిరా! ఇన్నాళ్ళూ ఎగతాళి చేశాను, నా నోటికి బుద్ధిలేదు."

మేస్త్రీ నవ్వలేదు. అంతకు గంట ముందే అతను మార్కెట్టుకు వెళ్ళి విరిగిన ఇనుము చూసి వచ్చాడు. కమ్మీ కమ్మీ కలిసేచోట ఈ చివరినుంచి ఆ చివరిదాకా పారాల్సిన అతుకు మూడు చోట్ల బొట్టు పెట్టినట్టు మాత్రమే ఉంది. మిగతాదంతా రంగు. కప్పు వేస్తున్న రోజుల్లో ఒకసారి అటు వెళ్ళినప్పుడు కూడా అతని కంట ఆ బొట్లు పడ్డాయి. తరవాత అతుకు నిండా వేస్తారులే అనుకున్నాడు. అనుకున్నాడో, అనుకుని తప్పించుకున్నాడో అతనికే సరిగ్గా తెలియదు. తెర కట్టించి చోటిచ్చిన మనిషికి "బావా, నీ అతుకు బాగాలేదు" అని ఎలా చెప్తాడు?

వారం తిరక్కుండా పట్టణ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. కప్పు ఎందుకు కూలిందో తేల్చే కమిటీకి కాగితాలు సిద్ధం చేసే పని ఆమెది. మేస్త్రీ నోటుపుస్తకం అడిగి తీసుకెళ్ళి, రెండు రోజుల్లో తిరిగి వచ్చి, బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మేస్త్రీగారూ, మీ పుస్తకం మా ఆఫీసు డాబామీది గాలి లెక్కతో పోల్చి చూశానండి. రెండున్నరేళ్ళు ఇక్కడిదీ అక్కడిదీ అక్కాచెల్లెళ్ళలా నడిచాయి. ఒకటి అరా తేడా, అంతే. ఆరు నెలల నుంచి మాత్రం మీది మాకు సరిగ్గా రెండింతలు చూపిస్తోంది."

"మీదే మొద్దుబారిందేమో."

"మాది రెండు నెలలకోసారి పరీక్ష చేస్తారండి."

"ఆరు నెలల క్రితం నేను బేరింగు మార్చాను. పాతది అరిగి బిగుసుకుపోయింది. కొత్తది వేశాక గిన్నెలు పువ్వుల్లా తిరుగుతున్నాయి. అప్పటిదాకా తక్కువ చూపించింది, ఇప్పుడు నిజం చూపిస్తోంది."

"బిగుసుకుంటే కాస్త తగ్గుతుంది. సరిగ్గా సగం అవుతుందా?" అంది ఆమె, గొంతు పెంచకుండానే. ఆమె లేస్తూ "రేపు పదింటికి వస్తానండి. యంత్రం నా కళ్ళముందు పరీక్షించి, ఉన్నదున్నట్టు రాసుకుని వెళ్ళాలి" అంది.

ఆ మధ్యాహ్నం అతను కొట్టు మూసి డాబా ఎక్కాడు. ముందు సులువైనవి చూశాడు. తెరలో కొలత మైళ్ళలో ఉందేమో అనుకున్నాడు. లేదు, ఉన్నా అంకె తగ్గుతుందిగాని పెరగదు. బ్యాటరీలు మార్చాడు, తేడా రాలేదు. తీగ పొడుగునా వేళ్ళతో తడిమి, ఎక్కడైనా నీళ్ళు దిగి తప్పుడు దెబ్బలు కొడుతోందేమో చూశాడు. తీగ శుభ్రంగా ఉంది. మనసులో కొంచెం గర్వం కూడా కలిగింది, ఆ అతుకులు తన చేతివి కదా.

చివరికి గిన్నెల కింది డొప్ప విప్పి, మీటరు తగిలించాడు. ఆ యంత్రం పనిచేసే తీరు చాలా సులువు. తిరిగే చక్రం అంచున ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. కింద బియ్యపు గింజంత గాజు గొట్టంలో రెండు సన్నటి రేకులుంటాయి. అయస్కాంతం దగ్గరికి వచ్చినప్పుడల్లా రేకులు ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ తాకుళ్ళు లెక్కపెట్టి తెర గాలివేగం చెప్తుంది. రేకులు తాకినప్పుడల్లా మీటరు కూస్తుంది.

గిన్నెల మీద ఒకదానికి సుద్దగీత పెట్టి, వేలితో మెల్లగా పది చుట్లు తిప్పాడు. కూతలు లెక్కపెట్టాడు. ఇరవై.

మళ్ళీ తిప్పాడు. ఇరవై.

చక్రం తీసి చేతిలోకి తీసుకునేసరికి అతనికి అంతా గుర్తొచ్చింది. బేరింగు మార్చిన రోజు చక్రం తిప్పి చూస్తే కొంచెం ఊగింది. అయస్కాంతానికి ఎదురుగా బరువు సరితూగడానికి కంపెనీవాడు పెట్టిన ఇత్తడి ముక్క ఎప్పుడో రాలిపోయి, గుంట ఖాళీగా ఉంది. తిరిగేది ఏదైనా తూకంగా తిరగాలన్నది మోటారువాడికి ఒంట్లో ఉన్న మాట. సరిగ్గా ఆ గుంటకు పట్టే ముక్క కోసం డబ్బాలన్నీ వెతికాడు. అల్మారా తలుపు పట్టీలోంచి తీసిన చిన్న అయస్కాంతం ఒకటి దొరికింది. అదే కొలత, త్రాసులో పెడితే అదే బరువు. అంటించి తిప్పితే చక్రం వెంట్రుకంత కూడా ఊగలేదు. ఆరోజు భార్యను పిలిచి మరీ చూపించాడు. "చూడు, నీళ్ళమీద తిరిగినట్టు లేదూ?"

బరువు ఒక్కటే చూశాడు. అది అయస్కాంతమన్న సంగతి ఆ క్షణాన అతనికి కనబడలేదు. ఒక చుట్టుకు రెండు తాకుళ్ళు. ఆరు నెలలుగా ప్రతి అంకే రెండింతలు. అరవై రెండు అంటే ముప్పయ్యొకటి. ఇంకొకడు చేస్తే ఆ గుంటలో ఇంత మైనం కూరి ఊరుకునేవాడు, ఏ గొడవా లేకపోయేది. నీటుగా చెయ్యాలనే చెయ్యి కాబట్టే ఇలా చేసింది. ముప్పయ్యొక్క కిలోమీటర్ల గాలికి కొత్త గొడుగు కూడా తిరగబడదు. మార్కెట్టు కప్పు కూలింది.

చక్రం మళ్ళీ బిగించి అక్కడే కూలబడ్డాడు. పొద్దు వాలకముందే అక్కా బావా మెట్లెక్కి పైకి వచ్చారు. ఇంజనీరమ్మ వచ్చి వెళ్ళిందన్న కబురు వాళ్ళకు అప్పుడే చేరింది.

"ఏరా, ఏమంటుంది ఆవిడ?" అన్నాడు బావ.

మేస్త్రీ చెప్పాడు. దాచడం చేతకాక, అయస్కాంతం సంగతి కూడా చెప్పేశాడు. బావ గొట్టం పట్టుకుని కాసేపు గిన్నెల వంక చూశాడు. తరవాత ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అయితే ఇందులో పెద్ద చిక్కేముందిరా? ఆ రెండోది పీకెయ్. ఇత్తడి ముక్కేదో పెట్టెయ్. రేపు ఆవిడొస్తుంది, తిప్పి చూస్తుంది, పది చుట్లకు పది వస్తాయి. యంత్రం భేషుగ్గా ఉందని రాసుకుని పోతుంది. మన అరవై రెండు అరవై రెండులాగే ఉంటుంది."

"అది అబద్ధం కదా బావా."

"ఏది అబద్ధం? చెడిపోయిందాన్ని బాగుచెయ్యడం అబద్ధమా? నీ వృత్తే అది కదరా! బాగుచెయ్యమంటున్నానుగాని పాడుచెయ్యమన్నానా నిన్ను?"

మేస్త్రీకి మొదటిసారి బావ మాటలో ఎక్కడా సందు కనబడలేదు. అతని చేతులు కూడా అదే కోరుతున్నాయి. తప్పు తెలిశాక ఒక వస్తువును తప్పుగానే వదిలేసి నిద్రపోవడం అతని చరిత్రలో లేదు.

"మరి ఆకుకూరలమ్మ చెయ్యి?" అన్నాడు చివరికి.

"నేను తోశానా దూలం ఆవిడమీదికి?"

"నీ అతుకులు చూశాను బావా. బొట్లు పెట్టి రంగేశారు."

బావ మొహం నల్లబడింది. "ఓహో. తెర వెనక కూర్చుని తీగలు చుట్టుకునేవాడు నాకు అతుకులు నేర్పుతాడు. వినవే, నీ తమ్ముడు పెద్దవాడయ్యాడు."

అక్క అప్పటిదాకా పిట్టగోడ దగ్గరే నిలబడి ఉంది. ఇప్పుడు దగ్గరికి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఒరే నాన్నా, ఆయన లైసెన్సు తీసేస్తే ఇక ఈ వయసులో ఎవరి దగ్గర కూలికి వెళ్తారు చెప్పు? ఏడుగురు పనివాళ్ళు మా గుమ్మం చూసుకుని బతుకుతున్నారు. నేనెప్పుడైనా నిన్ను ఏమైనా అడిగానా?"

"లేదక్కా."

"ఇది అడుగుతున్నాను. అబద్ధం చెప్పమనడం లేదు. నోరు కూడా విప్పక్కర్లేదు. బాగుచేసి ఊరుకో, అంతే."

బావ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. అక్క ఇంకాసేపు చూసి, భుజం మీద చెయ్యి తీసేసి, తనూ దిగింది.

భార్య పైకొచ్చి పక్కన కూర్చుంది. "మీ అక్కయ్య చెప్పినట్టు చేస్తే ఏం పోతుంది? మీరు చెప్పినా ఆవిడ చెయ్యి అతుక్కోదు."

"అతుక్కోదు."

"మరి?"

"అప్పుడు అతుకు చూసి నోరుమూసుకున్నాను. ఇప్పుడు నా చేత్తో నిజాన్ని కూడా మూయమంటున్నారు."

ఆ రాత్రి అతను పెట్టెలోంచి స్క్రూడ్రైవరు బయటికి తియ్యలేదు. అతను బతుకంతా చేసిన పనుల్లో అన్నిటికన్నా కష్టమైన పని, ఆ పని చెయ్యకుండా ఉండడం.

మర్నాడు పదింటికి ఇంజనీరమ్మ ముందు సుద్దగీత పెట్టి, పది చుట్లు తిప్పి, ఇరవై కూతలు వినిపించాడు. చక్రం విప్పి రెండో అయస్కాంతం చూపించాడు. ఎప్పుడు, ఎందుకు పెట్టాడో చెప్పాడు. ఆమె బొమ్మ గీసుకుని, అన్నీ రాసుకుని, అతని సంతకం తీసుకుంది. కిందికి దిగుతూ "మీలాంటివాళ్ళు తక్కువండీ" అంది. అతనికి ఆ మాట ఏమీ అనిపించలేదు. ఆమె వీధి మలుపు తిరిగాక పైకి వెళ్ళి, అయస్కాంతం పీకి ఇత్తడి ముక్క పెట్టాడు. పది చుట్లకు పది వచ్చాయి.

నెల తరవాత ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. తీసుకెళ్ళిన నోటుపుస్తకం తిరిగి బల్లమీద పెట్టింది.

"కమిటీ తేల్చేసిందండి. మీ యంత్రం చెడిపోయిందని మీరే సంతకం పెట్టారు కాబట్టి దాని లెక్క పక్కన పెట్టేశారు."

"చెడిపోయినా సరిగ్గా రెండింతలే కదమ్మా. సగం చేస్తే నిజం వస్తుంది."

"నేనూ అదే చెప్పాను. చెడిపోయిన యంత్రం అంకెను సగం చేసి వాడుకునే పద్ధతి లేదన్నారు."

"మరి మీ ఆఫీసు లెక్క?"

"అది మార్కెట్టుకు నాలుగు కిలోమీటర్లు. అక్కడి గాలి అక్కడిది అన్నారు. ఆరోజు మార్కెట్టులో గాలి ఎంతో చెప్పే ఆధారం లేదు కాబట్టి గాలివాన ప్రమాదం కింద రాసేశారు. కాంట్రాక్టరు తప్పు లేదు."

మేస్త్రీ చేతిలో తీగ చుట్ట అలాగే ఉండిపోయింది. "అతుకులు చూడలేదా ఎవరూ?"

"నేను వెళ్ళేసరికే ఇనుమంతా పాత సామాన్లకు వెళ్ళిపోయిందండి. మీరు చూశారా?"

"చూశాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతను తీగ చుట్ట బల్లమీద పెట్టి, నోటుపుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. ఆమె వెళ్ళిపోయింది.

మార్కెట్టులో కొత్త కప్పు పని కూడా బావకే వచ్చింది. గెలిచాక మనిషి మెత్తబడతాడేమో అనుకుంది మేస్త్రీ భార్య. బావ మెత్తబడలేదు. టీ కొట్టు దగ్గర పదిమందిలో అన్నాడట: "నేను గెలిచింది మా బామ్మర్ది వల్ల కాదయ్యా, మా బామ్మర్ది ఉండి కూడా గెలిచాను." జనం పగలబడి నవ్వారట. ఆ మాట మూడు నోళ్ళు మారి సాయంత్రానికి మేస్త్రీ కొట్టుకు చేరింది.

ఒక ఆదివారం అతను ఆకుకూరలమ్మను చూడడానికి వెళ్ళాడు. చెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కుంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఎడంచేత్తో ఆకు కట్టలు కట్టడం నేర్చుకుంటోంది. కట్ట కట్టగానే విడిపోతోంది.

"యంత్రం పాడైందని నువ్వే రాయించావంట గదా నాయనా?" అంది.

"అవునమ్మా. ఎందుకంటే అది..."

"పోనీలే. మీ బావగారు మాత్రం పళ్ళు పట్టుకుని రెండుసార్లు వచ్చారు. ఎంత బాగా మాట్లాడారో! కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడాను."

అతను రెండు అయస్కాంతాల సంగతి చెబుదామనుకున్నాడు. కింద కూర్చుని, విడిపోయిన కట్టలు నాలుగు బిగించి కట్టిచ్చి, లేచి వచ్చేశాడు.

అక్క మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కలేదు. ఎండలు ముదిరాక ఒక పొద్దున అతను బల్ల దగ్గర పంపు మోటారు చుడుతుంటే, ఎదురు పక్కన అక్క కనిపించింది. సంచిలో టేబుల్ ఫ్యాను ఉంది. జాలీ అంచు సంచి పైకి వచ్చి తళతళలాడుతోంది. సంచి బరువుకు ఒకవైపు ఒరిగి నడుస్తోంది. కొట్టు దాటేటప్పుడు తల తిప్పలేదు. నేరుగా వెళ్ళి, పక్క వీధిలో మోటార్లు చుట్టే ఇంకొకడి కొట్టువైపు తిరిగింది. వాడు తీగ సన్నంది వాడతాడు. పైకి నున్నగా, బొమ్మలా కనిపిస్తుంది. ఎండాకాలం రెండు నెలలు రాత్రింబగళ్ళు తిరిగితే కాలిపోతుంది.

భార్య లోపలి నుంచి చూసింది. "పిలవండి. మీరు పిలిస్తే ఆగుతుంది."

"ఆగుతుంది. ఆగి చూస్తుంది. చూసి మళ్ళీ నడుస్తుంది."

"ఆ ఫ్యాను సంగతైనా చెప్పండి పాపం."

"వాడి పని బాగాలేదని నేను చెప్తే, నా మాట వింటుందా ఇప్పుడు?"

అతను చుట్టు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకున్నాడు. లెక్క పోయింది. చుట్టిందంతా విప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.